కడితం మడతల్లో పులికాట్: ఆర్టిస్ట్ బుక్ గురించి కొంచెం వివరంగా

తిరుపతిలో నేను ఎప్పుడూ వెళ్లే బైండింగ్ షాపులో యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, ఆఫీసు రిజిస్టర్లు, పాత పంచాంగాలు అట్టల కోసం వరుసలో ఉంటాయి. ఆ వరుసలోకి ఒకసారి నేను ఒక కాగితం పట్టీ తీసుకెళ్లాను. ఎత్తు మూడంగుళాలు, పొడవు దాదాపు పది అడుగులు, ముప్ఫైరెండు పుటలుగా మడిచి ఉంది. రెండు చివరలా గట్టి అట్టలు వేసి గుడ్డ అంటించాలి. బైండర్ అన్న మొదటి నాలుగు పుటలు తిప్పి చూసి, "ఇందులో రాత ఏడుంది సార్?" అని అడిగాడు. "రాత లేదన్నా, పులికాట్ చెరువు ఉంది" అన్నాను. ఆయన పట్టీ మొత్తం కౌంటర్ మీద సాగదీశాడు. చివరి దాకా చూసి, "చివరికొచ్చేసరికి నీళ్లు లేవే" అన్నాడు.

నేను ఆ పుస్తకంలో చెప్పదలచుకున్నది అదే. మార్గశిరంలో నిండుగా ఉన్న సరస్సు వైశాఖానికి చాలా మేర ఎండి బురద పలకలుగా పగులుతుంది. ఒక్క మాట రాయకుండా ఆ సంగతి ఆయనకు అందింది. ఆర్టిస్ట్ బుక్ అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే ఇప్పుడు ఆ కౌంటర్ దగ్గర జరిగిందే చెప్తాను.

ఈ మాట చుట్టూ చాలా గందరగోళం ఉంది. ఆర్ట్ బుక్ వేరు, ఆర్టిస్ట్ బుక్ వేరు. ఒక చిత్రకారుడి బొమ్మలన్నీ అచ్చువేసి ముందు ఒక వ్యాసం పెట్టేది ఆర్ట్ బుక్. అందులో కళ గోడమీద ఉంటుంది, పుస్తకం దాన్ని చూపిస్తుంది. ఆర్టిస్ట్ బుక్‌లో పుస్తకమే కళ. కాగితం మందం, మడత, పుట తిప్పడానికి పట్టే సమయం, ఖాళీ, కుట్టు, ఇవన్నీ అర్థంలో భాగమే. స్కెచ్‌బుక్ కూడా ఇది కాదు. స్కెచ్‌బుక్ మనకోసం మనం పెట్టుకునేది, అందులో వరుస దానంతట అదే వస్తుంది. ఆర్టిస్ట్ బుక్‌లో వరుసను కూర్చాలి.

1963లో అమెరికాలో ఎడ్ రుషే అనే కళాకారుడు పెట్రోలు బంకుల ఫోటోలు ఇరవయ్యారు తీసి ఒక పలుచని పుస్తకం వేశాడు. వ్యాఖ్యానం లేదు, కథ లేదు. ఇది ఏ కోవలోకి వస్తుందో అప్పటి వాళ్లకు తెలియలేదు. 1966లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక వీధిలో ఉన్న భవనాలన్నిటినీ ఫోటోలు తీసి, మడతలుగా విప్పితే దాదాపు 25 అడుగులు వచ్చే పుస్తకం చేశాడు. ఆ పుస్తకం విప్పుతుంటే మనం కారులో ఆ వీధి వెంట పోతున్నట్టు ఉంటుంది. దారి పొడవు పుస్తకం పొడవుగా మారింది. ఇలాంటి పుస్తకాలను అమ్మడానికే 1976లో న్యూయార్క్‌లో ప్రింటెడ్ మ్యాటర్ అనే సంస్థ మొదలైంది. మన దేశంలో ఫోటోగ్రాఫర్ దయానితా సింగ్ ప్రయాణాల ఫోటోలతో 2008లో ఏడు చిన్న మడత పుస్తకాలను ఒక పెట్టెలో పెట్టి తెచ్చింది. పక్కనే చెన్నైలో తారా బుక్స్ అనే ప్రచురణ సంస్థ చేతి కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో ఏళ్లుగా పుస్తకాలు చేస్తోంది. తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడ ఉండొచ్చు.

ఇలాంటి పుస్తకాలు చేసేవాళ్లు కొందరు రెసిడెన్సీలకు వెళ్లొస్తుంటారు. తిరుపతిలో ఆ మాట వింటే ముందు లాడ్జి గుర్తొస్తుంది. కళాకారుల రెసిడెన్సీ అంటే ఒక చోట కొన్ని వారాలో నెలలో గది, పని చేసుకునే జాగా, కొన్నిచోట్ల ఖర్చులకు డబ్బు ఇచ్చి, వచ్చి ఉండమని పిలవడం. అమెరికాలో మెక్‌డొవెల్ అనే చోట 1907 నుంచీ ఇది నడుస్తోంది. మారుమూల ప్రాంతాల్లో ఉండే రెసిడెన్సీలకు ఇప్పుడు చాలా గిరాకీ. తూర్పు ఐస్‌లాండ్‌లో సెయ్దిస్‌ఫ్యోర్దుర్ అనే చిన్న రేవు ఊళ్లో స్కాఫ్ట్‌ఫెల్ అనే కళాకేంద్రం ఉంది. పుస్తకాన్ని కళగా మలిచిన తొలితరం వాళ్లలో ఒకడైన డీటర్ రోత్ జ్ఞాపకాలతో ముడిపడిన చోటు అది. ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ తెరచాప ఓడలో కళాకారుల్ని తిప్పే రెసిడెన్సీ కూడా ఉంది.

అలాంటి చోట్లకు వెళ్లొచ్చిన వాళ్ల పుస్తకాలు చాలావరకు నాకు నిరాశ కలిగిస్తాయి. మంచు, పొగమంచు, ఒంటరి ఇల్లు, బూడిదరంగు సముద్రం. బాగుంటాయి. కానీ బస్సు కిటికీలోంచి చూసినా అవే కనిపిస్తాయి. రెసిడెన్సీ ఇచ్చేది రోజులు. ఆ రోజులు పుస్తకంలో కనిపించకపోతే అంత దూరం వెళ్లి ఏం లాభం? రోనీ హార్న్ అనే అమెరికన్ కళాకారిణి 1975లో మొదటిసారి ఐస్‌లాండ్ వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ మళ్లీ వెళ్తూనే ఉంది. 1990 నుంచి ఆ దేశం గురించి ఒక పుస్తకాల వరుస తెచ్చింది. 2007లో అక్కడే ఒక చిన్న ఊరి పాత లైబ్రరీ భవనంలో పుస్తకాల చోట హిమానీనదాల నీళ్లు నింపిన 24 గాజు స్తంభాలు నిలబెట్టింది. ఒక చోటు గురించి ఒక పుస్తకంతో తృప్తి పడకుండా ఇన్నేళ్లు తిరిగి తిరిగి అక్కడికే పోవడం నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

ఇదంతా పరాయి సరుకు కదా అని కొందరు అడుగుతారు. నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇదే, అందుకే ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను.

మడతల పుస్తకాన్ని ఇంగ్లీషు వాళ్లు అకార్డియన్ అంటారు, లెపోరెల్లో అని కూడా అంటారు. మనకు దానికి పాత పేరు ఉంది, కడితం. గుడ్డకు చింతపిక్కల గంజి, బొగ్గుపొడి కలిపి పట్టించి, నల్లగా గట్టిపడ్డాక ముందుకొకటి వెనక్కొకటి మడతలు వేసేవాళ్లు. దానిమీద బలపంతో లెక్కలు రాసుకునేవాళ్లు. అక్కర తీరాక తుడిచి మళ్లీ రాసేవాళ్లు. బ్రౌణ్య నిఘంటువులో కూడా ఈ మాట ఉంది. పులికాట్ పుస్తకం చేస్తున్నప్పుడు నాకు ఈ తుడిచి రాయడం బాగా పనికొచ్చింది. ఏటా నీళ్లు రావడం, పోవడం, అదే నేలమీద మళ్లీ రావడం ఉంది కదా, ఆ చెరువు ఒక కడితమే అనిపించింది.

తాటాకు సంగతి చూడండి. ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి పంక్తి పొడుగ్గా సాగింది. గంటంతో ఆకు నార వెంట నేరుగా గీస్తే ఆకు చీలుతుంది, మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి అదో కారణం అంటారు. ఆకులో రంధ్రం చేసి తాడు కట్టి, పైనా కిందా చెక్క పలకలు పెడితే పుస్తకం. ఇక్కడ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో అలాంటి తాళపత్రాలు వేలల్లో ఉన్నాయి. పుస్తకాలు చేయాలనుకునే పిల్లలు వాటిని ఒకసారైనా చూడాలి. అనుమతి అడిగి చూడాలి, చేతితో ముట్టకుండా చూడాలి.

తిరుమలలో తాళ్లపాక వారి కీర్తనలు చెక్కిన రాగిరేకులు మరీ విచిత్రం. కొండమీద గుడిలో ఒక రాతి అరలో దాచిన పుస్తకం అది. ఈనాటికీ అచ్చులో అన్నమయ్య కీర్తన కింద రేకు సంఖ్య వేస్తారు. పాట కాగితం మీదికి వచ్చి ఎన్నేళ్లయినా, తాను ఏ రేకుమీద ఉందో ఆ గుర్తును వదల్లేదు. పుస్తకం తయారైన వస్తువు పాఠంలోకి ఇంతగా దిగిపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

శ్రీకాళహస్తి కలంకారీలో కథ చెప్పే గుడ్డలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బొమ్మలు గళ్లు గళ్లుగా నడుస్తాయి, వాటి వెంట పట్టీల్లో తెలుగు అక్షరాలు నడుస్తాయి. గోడకు వేలాడదీసిన ఆ పుటల్ని చదివేవాడే నడుస్తూ చదవాలి.

కాబట్టి మనం ఈ పనిని ఎక్కడినుంచో తెచ్చుకుంటున్నామని అనుకోనక్కర్లేదు. ఇక అసలు ప్రశ్న, ఒక చోటు పుస్తకం ఎలా అవుతుంది?

నా అనుభవంలో మొదట అడగాల్సింది ఈ చోటు ఎలా తెరుచుకుంటుంది అన్న ప్రశ్న. ఏం గీయాలి అన్నది తర్వాత. అలిపిరి మెట్లదారి తీసుకోండి. 3,550 మెట్లు. మొక్కుకున్నవాళ్లు మెట్టు మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతారు. అది ఒక పుట చదివి తిప్పి ఇంకో పుట చదవడం లాంటిదే. దీన్ని పుస్తకం చేయాలంటే గాలిగోపురం బొమ్మ వేస్తే చాలదు. ప్రతి పుటనూ ముందు దానికన్నా ఒక నూలు, అంటే రవ్వంత, పొడవుగా కోస్తే, మూసి ఉన్నప్పుడే అంచులు మెట్లలా కనిపిస్తాయి. మోకాళ్ల పర్వతం వచ్చేచోట కాగితం మందం పెంచితే పుట తిప్పడం చేతికి బరువుగా తెలుస్తుంది. చేయి అలసిపోవాలి. అప్పుడు ఆ దారి నడవని వాళ్లకూ కొంత అందుతుంది.

తిరుమల ఘాట్ రోడ్డులో ఇంకో చోటు ఉంది. అక్కడ కింద గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండూ ఆనుకునే ఉంటాయి, చేయి పెడితే ఒకే బండ. కానీ ఆ రెంటి మధ్య గడిచిన కోట్లాది ఏళ్ల కాలానికి గుర్తే లేదు. అప్పుడు ఏర్పడిన పొరలేమైనా ఉంటే కొట్టుకుపోయాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూవారసత్వ చిహ్నంగా గుర్తించారు. రోజూ బస్సుల్లో వేలమంది దాన్ని దాటి పోతారు. దీన్ని పుస్తకంలో చూపించడానికి నాకు ఒక్కటే దారి దొరికింది. కుట్టిన పుస్తకం మధ్యలో ఒక ఫారం, అంటే కలిపి మడిచి కుట్టిన పుటల కట్ట, మొత్తం కోసేసి, కుట్టు దగ్గర కాగితం మొదళ్లు మాత్రం మిగల్చడం. చదివేవాడి వేలికి ఆ మొదళ్లు తగులుతాయి. ఇక్కడ ఏదో ఉండేది అని తెలుస్తుంది. ఏముండేదో తెలియదు. ఈ పుస్తకం ఇంకా పూర్తి కాలేదు, కోసిన ఫారం ఎంత మందం ఉండాలన్న దగ్గరే రెండేళ్లుగా ఆగి ఉన్నాను.

పులికాట్‌కు మాత్రం రూపం త్వరగా దొరికింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండువైపులా చూపు ఆగేది ఏదీ ఉండదు. చలికాలంలో దూరంగా రాజహంసలు గులాబీ రంగు గీతలా కనిపిస్తాయి. అన్నీ అడ్డంగా ఉండే చోటు అది, అందుకే పట్టీ. నీటికీ ఆకాశానికీ మధ్య గీత మొదటి పుటనుంచి చివరి పుట దాకా ఒకే ఎత్తులో పోవాలి. చెప్పడం తేలికే. మడత ఒకచోట వెంట్రుకవాసి వంకర పోతే పదడుగులు వెళ్లేసరికి గీత కిందకి దిగిపోతుంది. అందుకని స్కేలుతో కొలిచి మడవకూడదు. కాగితాన్ని సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్లీ సగానికి, దాన్ని మళ్లీ సగానికి మడవాలి. ఎనిమిది పుటలు వస్తాయి. అలాంటి కాగితాలు నాలుగు, అర అంగుళం పట్టీతో ఒకదానికొకటి అతికించాలి.

మొదటి ప్రతి పాడైంది. అందులో తప్పు నాదే. మిల్లు కాగితంలో నార ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది. మడత నార వెంట పోతే నున్నగా వస్తుంది, అడ్డంగా పోతే పగులుతుంది. నేను చూసుకోకుండా అడ్డంగా మడిచాను. పైన వేసిన రంగు ప్రతి మడత దగ్గరా రాలి తెల్ల గీతలు పడ్డాయి, ముప్ఫైఒక్క గీతలు. కాగితాన్ని రెండువైపులా మెల్లగా వంచి చూస్తే ఎటు వంచితే తేలిగ్గా వంగుతుందో ఆ వంపు గీత వెంటే నార ఉన్నట్టు. తాటాకు రాసినవాళ్లకు తెలిసిన సంగతి నాకు ఒక నెల పని పోయాక తెలిసింది. తర్వాత చేతి కాగితానికి మారాను. అందులో నార అన్నివైపులా కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

అతికించడానికి మైదా జిగురే వాడతాను. మన బైండర్లు అందులో కొంచెం మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. అది విషం, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తగా ఉండాలి. అక్టోబరు, నవంబరు వానల్లో ఈ పని పెట్టుకోకండి. జిగురు ఆరదు, అట్టలు వంగుతాయి.

చోటు నుంచి వస్తువులు తెచ్చి పుస్తకంలో పెట్టాలని చాలామందికి ఉంటుంది. ఆకు, బెరడు, ఈక. తలకోనలోనో శేషాచలం అడవిలోనో ఆ పని చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యాల నుంచి, జాతీయ పార్కుల నుంచి అనుమతి లేకుండా ఏదీ తీసుకురాకూడదు. ఎర్రచందనం పెరిగే ఈ కొండల్లో రాలిన చెక్కముక్క సంచిలో దొరికినా పెద్ద టెన్షనే. చట్టం సంగతి పక్కన పెట్టినా, పుస్తకంలో అంటించిన ఆకు ఏడాదికి పొడి అయిపోతుంది. పొలం గట్టు మట్టి, రైతును అడిగి తెచ్చుకున్నది, జల్లెడ పట్టి తుమ్మజిగురులో కలిపితే మంచి రంగు అవుతుంది. పులికాట్ చివరి పుటల్లో బురద రంగు అలా వచ్చిందే.

కలంకారీ నలుపు, కసిమి, కాగితం మీద కూడా పనిచేస్తుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. అయితే కాగితానికి ముందు కరక్కాయ నీళ్లు పూయాలి. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తేనే నలుపు తేలుతుంది. గుడ్డకైతే పాలు కూడా కలుపుతారు, రంగు పాకకుండా. ఒక హెచ్చరిక. ఇనుము నలుపు కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తింటుంది. అందులో మిగిలే పులుపే కారణం. గుడ్డను పారే నీళ్లలో ఉతికి ఆ పులుపు పోగొడతారు. కాగితాన్ని అలా ఉతకలేం. అందుకే నేను దాన్ని గుడ్డ పుటలకే ఉంచుకున్నాను.

రెసిడెన్సీ కోసం ఐస్‌లాండ్ పోలేనివాళ్లు ఏం చేయాలి? నా జవాబు, దగ్గరలోనే ఎక్కడికైనా పోయి నిజంగా ఉండండి. కొన్నేళ్ల కిందట సంక్రాంతి అయ్యాక బంగారుపాళ్యం వైపు మా మామ తోతాపురి తోటలో రెండు వారాలు ఉన్నాను. మోటారు షెడ్డులో మంచం. మామ మొదటిరోజే అడిగాడు, "బొమ్మలు గీసుకునేదానికి ఇంత దూరం రావల్లా?" అని. మొదటి ఐదు రోజులు గుండ్లు గీశాను. చిత్తూరు వైపు ఎటు చూసినా ఉండే గుట్టలు, ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టుండే బండలు. బస్సులో పోయేవాడెవడైనా గీయగలిగిన బొమ్మలే.

ఆరో రోజు షెడ్డు లోపలి గోడ కనిపించింది. అప్పటిదాకా రోజూ దాని పక్కనే పడుకున్నాను. మామ దానిమీద సుద్దతో త్రీఫేజ్ కరెంటు వచ్చిన వేళలు రాసుకుంటున్నాడు. రాత్రి పదకొండున్నర, రెండుంబావు, నాలుగు. ఎప్పుడొస్తే అప్పుడు లేచి మోటారు వేయాలి. ఆ పక్కనే ఏనుగులు వచ్చిన తేదీలు చిన్న గుర్తులుగా ఉన్నాయి. ఆ తోటకు నిజమైన గడియారం ఆ గోడ. అప్పటినుంచి కరెంటు వచ్చినప్పుడల్లా నేనూ లేచాను. నీళ్లు పారినంతసేపు టార్చి వెలుగులో కనిపించింది గీశాను. ఒకరోజు పూత, ఒకరోజు మామ కాళ్లు, రెండు రోజులు ఏమీ కనిపించక చీకటే. ఎనిమిది రాత్రులు, ఎనిమిది నల్లటి పుటలు, తెల్లటి గీత, మూలలో వేళ. కడితం నలుపు ఆ పుస్తకానికి దానంతట అదే వచ్చింది. ఆరో రోజుకు ముందే తిరిగొచ్చి ఉంటే నా దగ్గర గుండ్ల బొమ్మలు మాత్రమే ఉండేవి.

అందుకే ఎవరైనా అడిగితే చెప్తాను, కనీసం పది రోజులు. ఫోన్‌లో ఫోటోలు మొదటి మూడు రోజులు తీయకండి. మీకు తిండి పెట్టే ఇంటివాళ్లకు ఏదో ఒక పనిలో సాయం చేయండి, ఆ చోటు ఏ వేళల్లో ఎలా నడుస్తుందో దానివల్లే తెలుస్తుంది. డబ్బుంటే హార్స్‌లీ కొండమీదో తలకోనలోనో వసతిగృహాలున్నాయి. కానీ ఇల్లే మేలు.

ప్రతుల సంగతి. ఒకే ప్రతి చేయొచ్చు, యాభై చేయొచ్చు. పెళ్లికార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఒకటి రెండు రంగులతో యాభై ప్రతులు హాయిగా వస్తాయి. రంగుకో స్క్రీన్ కాబట్టి రంగులు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. నా మట్టుకు నాకు ముప్ఫై చాలు. ముప్ఫై తర్వాత మడతలో శ్రద్ధ తగ్గుతుంది. వాటిని గాజు అరలో పెట్టి అమ్మడం నాకు ఇష్టం లేదు, చేతిలో తెరవని మడత పుస్తకం వట్టి కాగితం కట్ట. రెండు ప్రతులు ఆ చోటుకే తిరిగి వెళ్లాలి. తోట పుస్తకం ఒకటి మామ షెడ్డులో మేకుకు వేలాడుతోంది.

చివరి పుటలో ముద్రణ వివరాలు వేస్తారు. నేను దాన్ని గద్య అంటాను. మన కావ్యాల్లో ఆశ్వాసం చివర కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు చెప్పుకునే పద్ధతి అది. తాళపత్రాలు నకలు రాసినవాళ్లు చివర ఇంకో శ్లోకం రాసేవాళ్లు. వీపు, నడుము, మెడ విరిగేలా తలవంచుకుని కష్టపడి రాశాను, ఈ గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడండి అని. పులికాట్ పుస్తకం గద్యలో నేను వేసినవి ఇవి: ఎన్ని రోజులు, ఏ నెలల్లో, ఏ కాగితం, ఏ ఊరి మట్టి, ఎన్ని ప్రతులు. ఆ కింద, అట్టలు వేసిన బైండర్ పేరు. పేరు వేస్తానంటే ఆయన ముందు ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసి, ఇంటిపేరు కూడా వేయమన్నాడు.